పొద్దుటి మావయ్య

దుప్పటి ముసుగులో ఉక్కపోస్తోంది. ఫ్యాను కట్టేసి, కిటికీ మూసి, మంచం మీద బాసింపట్టు వేసుకుని, దుప్పటిని తల మీదుగా గుడారంలా కప్పుకుని కూర్చుంది బ్లెస్సీ. కాలరుకి తగిలించుకునే చిన్న మైకు గడ్డం కింద పెట్టుకుంది. వీధిలో ఇడ్లీబండి గంట దూరమయ్యేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు మెల్లగా చదివింది.

"అందరూ ఎక్కారో లేదో చూసి
ఆఖర్న ఎక్కేవాడివి.
ఇవాళేంటి నాన్నా,
అందరికంటే ముందే దిగిపోయావు?"

గుడ్లవల్లేరులో కాలం చేసిన బస్సు కండక్టరు గారి శ్రద్ధాంజలి వీడియో కోసం ఆ నాలుగు ముక్కలు. మొదటిసారి చదివినప్పుడు గొంతు మరీ వణికింది. రెండోసారి వార్తలు చదివినట్టుంది. మూడోసారికి కుదిరింది. దుప్పటి తీసి మొహం తుడుచుకుని, ల్యాప్‌టాప్‌లో కండక్టరు గారి ఫోటో కింద ఆ గొంతు అతికించి, వెనకాల సన్నగా వేణువు పెట్టి, చివర్న ఆఫీసు నంబరు వేసి పంపించేసింది. పైగది అమ్మాయి పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకుంటుందనీ, నిద్రలో కలవరిస్తుందనీ కింద వాటావాళ్ళు అనుకుంటారు. కాదని చెప్పేంత పరిచయం వాళ్ళతో ఆమెకి లేదు.

ఫోను తీసి చూసుకుంది. రాత్రి పంపిన వాయిస్ మెసేజ్ పక్కన ఇంకా ఒకటే టిక్కు ఉంది. అవతలి ఫోనుకి చేరితే రెండో టిక్కు పడాలి. పైన పేరు 'పొద్దుటి మావయ్య'. ఆయన ఫోను చేసే వేళ దాటిపోతోంది. ఇంకాసేపు చూద్దామని పళ్ళు తోముకోడానికి కూడా ఫోను పట్టుకునే వెళ్ళింది.

బ్లెస్సీ మెడలో వేసుకునే కార్డు మీద 'మల్టీమీడియా జర్నలిస్టు' అని ఉంటుంది. అంటే ఏమిటమ్మా అని నందివాడ దగ్గర ఊళ్ళో ఉండే వాళ్ళ నాన్న దైవాధీనం అడిగితే, నలుగురి పని ఒక్కరే చెయ్యడం నాన్నా అని చెప్పింది. హాస్యానికి అన్నదేగాని అబద్ధం కాదు. వీడియో తీసేది తనే, అడిగేది తనే, రాసేది తనే, కత్తిరించి అతికించి గొంతు ఇచ్చేదీ తనే. ఛానెల్ ఆఫీసు గుడివాడలో ఎరువుల దుకాణం పైన ఉంది. బందరుకీ దివిసీమకీ కలిపి ఉన్నది ఆమె ఒక్కతే. కలెక్టరాఫీసు దగ్గర ధర్నాలూ, మంగినపూడిలో అలలు ముందుకొచ్చిన రోజులూ, తుపాను జెండాలూ ఆమె ఫోనులోంచే జనానికి చేరతాయి. ఊరందరికీ కబుర్లు మోసి, చీకటిపడేవేళకి బందరు చిలకలపూడిలో ఈ గదికి వచ్చిపడుతుంది. ఒంటికాయ శొంఠికొమ్ము బతుకు.

వార్తలు చూసేవాళ్ళు వందల్లో ఉంటే చావు వీడియోలు చూసేవాళ్ళు వేలల్లో ఉంటారు. ఈ ప్రాంతంలో మనిషి పోతే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టడం ఎప్పట్నించో ఉంది. ఇప్పుడు ఫ్లెక్సీతోపాటు వీడియో కూడా కావాలంటున్నారు. అందరి ఫోన్లలో స్టేటస్ పెట్టుకోవాలిగా. మిగతా ఛానెళ్ళవాళ్ళు ఒకే కొవ్వొత్తి, ఒకే గులాబీ, ఒకే పద్యం పెట్టి పేరూ ఫోటో మారుస్తారు. బ్లెస్సీ అలా చెయ్యదు. ఆమె ఇంటరు చదివేటప్పుడు వాళ్ళమ్మ ఎలీసబెతు పోతే ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అంతకు నెల ముందు పోయిన ఎదురింటి తాతగారి ఫ్లెక్సీ మీదా అవే మాటలు, అదే వరసలో. అమ్మకి ఒక్క మాటైనా సొంతది దక్కలేదని ఆ పిల్ల ఆ రోజు ఏడ్చినంతగా అమ్మ పోయిన రోజు కూడా ఏడవలేదు.

అందుకే ఏ ఇంటి నుంచి కబురొచ్చినా ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. "వారు రోజూ ఏం చేసేవారండీ?" గొప్పవాడనీ, దేవుడులాంటివాడనీ మొదలుపెడతారు. అది కాదండీ, రోజూ ఏం చేసేవారు అని మళ్ళీ అడుగుతుంది. అప్పుడు, పడుకోబోయే ముందు ఇంట్లో అందర్నీ ఒకసారి లెక్క చూసుకుని 'రైట్ రైట్' అనేవాడండీ అని చెబుతారు. కండక్టరు గారి నాలుగు ముక్కలూ అక్కణ్ణించి వచ్చినవే.

వాటిని కవిత్వమని ఎవరూ అనలేదు, ఒక్క మనిషి తప్ప.

కిందటేడు ఒక పొద్దున ఫోను మోగింది. అప్పట్లో వీడియో చివర ఆమె నంబరే ఉండేది. అవతల గాలి హోరు, ఆ హోరుని దాటుకుని అరుస్తున్న ముసలి గొంతు.

"ఏమ్మా, నిన్న ఆ టైలరమ్మ పోయినప్పుడు నాలుగు ముక్కలు చదివింది ఎవరు? నువ్వేనా?"

"నేనేనండీ. మీకు చుట్టాలా?"

"చుట్టమూ కాదు పక్కమూ కాదు. ఆయమ్మ ఎవరో కూడా నాకు తెలీదు. అయినా నీళ్ళొచ్చినయ్యి కళ్ళల్లో. అట్టా ఎట్టా రాశావు?"

చదువు రాదన్నాడు. అందుకే చూడడు, వింటాడట. దివిసీమలో సముద్రం పక్కన ఉంటానన్నాడు. ఆ రోజు నుంచి ఏ వీడియో వచ్చినా మర్నాడు పొద్దున్నే ఫోను చేసేవాడు. పొగడటమే కాదు, మొహమాటం లేకుండా తిట్టేవాడు కూడా. "నిన్నటిది బాగోలేదమ్మా. అది ఆ మనిషి గురించి కాదు, నీ దిగులంతా తెచ్చి ఆయన నెత్తిన పోశావు" అన్నాడొకసారి. బ్లెస్సీకి రోజంతా కోపం వచ్చి, సాయంత్రానికి నిజమేననిపించింది. కాలేజీలో చదువు చెప్పినవాళ్ళెవరూ ఆమెకి అంత మంచి మాట చెప్పలేదు.

పేరేంటండీ అని ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు కాదు.

"ఇప్పుడెందుకులే నా పేరు? నేను పోయాక రాసేది నువ్వేగా. అప్పుడు తెలుస్తుందిలే." పకపకా నవ్వేవాడు.

పోనీ ఏమని పిలవమంటారంటే మావయ్యా అను, ఈ సీమలో అందరూ నాకు మేనకోడళ్ళే అన్నాడు. అలా 'పొద్దుటి మావయ్య' అని రాసుకుంది. తనుగా చేస్తే ఆ నంబరు ఎప్పుడూ దొరకదు. అందుబాటులో లేరని చెబుతుంది. ఆయన చేసినప్పుడే మాట. రోజుకి ఒకరైనా పని లేకుండా ఆమెకి ఫోను చేస్తున్నారంటే, అది ఆయనే.

ఆఖరిసారి మాట్లాడినప్పుడు మావయ్య ఉన్నట్టుండి అడిగాడు. "ఎంతసేపూ చచ్చినోళ్ళకేనా? నీకోసం ఏమైనా రాసుకున్నావా?"

"ఒకటుందండీ. బాగోదు."

"బాగుందో లేదో నేను చెబుతాగా. చదివి పంపు. పంపేదాకా ఇంక నీకు ఫోను చెయ్యను. అలిగాననుకో."

అన్నట్టే చెయ్యలేదు. ముసలాయన మాట మీద నిలబడే మనిషని మొదట నవ్వుకుంది. తర్వాత పొద్దుటి పూటలు బోసిపోయాయి. అయినా పంపడానికి ధైర్యం చాలలేదు. పరాయి చావులు చదివినప్పుడు రాని బెరుకు తన మాటలు చదవబోతే వచ్చింది. ఇంతలో గుడివాడ నుంచి ఆదినారాయణ మాస్టారి ఫోను వచ్చింది. గ్రంథాలయంలో నెలనెలా కవుల సభ జరిపిస్తుంటారాయన. ఆ సభలన్నిటికీ బ్లెస్సీ వెళ్ళింది, వీడియో తియ్యడానికి. తను చదివేటప్పుడు మొహం దగ్గరగా తియ్యమ్మాయ్ అని ప్రతి కవీ చెవిలో చెప్పి వెళ్ళేవాడు. నువ్వేమైనా రాస్తావా అని ఒక్కరూ అడగలేదు. ఈసారి మాస్టారికి ఎవరు చెప్పారో, "వచ్చే ఆదివారం నువ్వూ ఒకటి చదువుతావేంటమ్మా? శుక్రవారం సాయంత్రం లోపు చెప్పు, కార్డు వేయించాలి" అన్నారు.

శుక్రవారం ఇవాళే. మావయ్య బాగుందంటే చదువుతుంది. బాగోలేదంటే చింపి పారేసి, ఎప్పటిలాగే కెమెరా వెనక నిలబడుతుంది. నడిమధ్య మాట ఆయన నోట రాదు కాబట్టి, ఏదో ఒకటి తేలిపోతుంది. అందుకే రాత్రి తెగించి దుప్పటి కప్పుకుంది.

"ఊరందరి కబుర్లూ మోసుకొచ్చి
తాళం తియ్యబోయే ముందు
లోపల ఎవరో ఉన్నట్టు
ఒక్కసారి తలుపు తడతాను."

అది కవిత కోసం కల్పించిందేం కాదు. నిజంగానే తడుతుంది. మెట్ల మీద ఎవరూ లేరని చూసుకుని మరీ తడుతుంది.

పళ్ళు తోముకుని వచ్చేసరికి ఫోను మోగింది. ఒక్క ఉదుటున తీసింది. గుడివాడ ఆఫీసు నుంచి ఎడిటరు కిరణ్.

"బ్లెస్సీ, నాగాయలంక వెళ్ళాలి. చేలల్లోకి ఉప్పునీళ్ళు ఎక్కుతున్నాయట, రైతులు గోల పెడుతున్నారు. రెండు నిమిషాల స్టోరీ చెయ్. అటే ఇంకో పని. కరకట్ట పక్క పల్లెలో ఒకాయన పోయాడు, ఎల్లుండి పెదకర్మ. వాళ్ళ దగ్గర ఫోటో ఫ్రేములోదే ఉందట. కాపీ తీసుకుని, నీ ప్రశ్నేదో అడిగి వచ్చెయ్."

"పేరేంటండీ?"

"పోతయ్య."

రాసుకుంది. ఈ తీరంలో ఊరికి నలుగురు పోతయ్యలుంటారు.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వారధి ఎక్కేసరికి ఎండ మండిపోతోంది. స్కూటీ హ్యాండిలుకి ఫోను బిగించి ఉంది. బండి నడుపుతూనే దానికేసి చూస్తోంది. ఒకటే టిక్కు. అవనిగడ్డలో టీ తాగుతూ చూసింది. ఒకటే. ఎటూ దివిసీమలోకే వచ్చాను కదా, ఈ అలకల మావయ్య ఏ ఊరో ఈసారి నిలదీసి తెలుసుకోవాలనుకుంది. ఆ తలపుకి ఆమెకే నవ్వొచ్చింది.

ఉప్పునీళ్ళ పని మధ్యాహ్నానికి అయింది. వరి దుబ్బులు ఎర్రగా మాడి ఉన్నాయి. మడిలోకి దిగి, మోకాలి మీద కూర్చుని, గట్టు మీద పేరుకున్న తెల్లటి ఉప్పుని దగ్గరగా తీసింది. ఒక రైతు దోసిట్లో నీళ్ళు తీసి నాలిక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మాడు. మళ్ళీ ఒకసారి చెయ్యమని అడగలేదు. మొదటిది ఎలా వచ్చిందో అదే చాలు. అక్కడే గట్టు మీద నిలబడి, గాలికి జుట్టు మొహాన పడుతుంటే ఒక చేత్తో పట్టుకుని, కెమెరాకేసి నాలుగు మాటలు చెప్పింది. రైతులు అన్నం తిని వెళ్ళమన్నారు. పనుందండీ అని బయల్దేరింది.

పల్లె చివర ఇల్లు. వెనకాలే సముద్రపు కరకట్ట గోడలా లేచి ఉంది. దండెం మీద ఎండు చేపలు, గుమ్మం పక్కన చుట్టి పెట్టిన వలలు. పోతయ్య కోడలు కనకమహాలక్ష్మి చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వేసింది. మొగుడు పెదకర్మ సరుకుల కోసం నాగాయలంక వెళ్ళాడని చెప్పింది.

"నిద్దట్లోనే పోయాడండీ. ఎవర్నీ లేపలేదు. మా మావయ్యకి మీ వీడియోలంటే పిచ్చి. ఆయనకీ ఒకటి చేయిద్దామన్నాడు మా ఆయన."

గోడకి ఆనించిన ఫోటోకి బంతిపూల దండ వేసి ఉంది. బక్కపల్చటి మనిషి. ఎండకి చికిలించి చూసే కళ్ళు. ఏదో అనబోయి ఆపుకున్నట్టున్న నోరు. బ్లెస్సీ ఫోను పెట్టి చూస్తే అద్దంలో ముసలాయన మొహం మీద తన మొహమే పడుతోంది. చున్నీ తీసి తెరలా అడ్డం పట్టుకోమని కనకమహాలక్ష్మికి ఇచ్చింది. అప్పుడు నీడ పోయి ఆయన ఒక్కడే మిగిలాడు. తీసింది. ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"వారు రోజూ ఏం చేసేవారండీ?"

"ఏముందండీ. వేటకెళ్ళడం మానేసి చాలా కాలమైంది. పొద్దున్నే కుర్చీ ఎత్తుకుని కరకట్ట ఎక్కేవాడు. ఇంట్లో సిగ్నలు రాదుగా, అక్కడైతేనే వస్తది. అక్కడ కూర్చుని చచ్చిపోయినోళ్ళ వీడియోలు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మేం నవ్వేవాళ్ళం. విన్నాక ఎవరో అమ్మాయికి ఫోను చేసి మాట్టాడేవాడు. ఎవరు మావయ్యా అంటే, మా పద్యాలమ్మాయిలే అనేవాడు."

బ్లెస్సీ చేతిలో ఫోను ఇంకా ఫోటో వైపే ఉంది. దించడం మర్చిపోయింది. ఇంటింటికీ తిరిగి చావు కబుర్లు పోగుచేసే మనిషికి తనవాడి చావు కబురు ఇన్నాళ్ళూ అందలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. అలిగాడనుకుంది. పంపేదాకా చెయ్యనన్నాడు కాబట్టి చెయ్యలేదనుకుంది. తను బెరుకుగా దుప్పటి కప్పుకుని, విప్పుకుని, మళ్ళీ కప్పుకుని తాత్సారం చేసిన రోజులన్నీ ఆయన లేని రోజులే. గోడ పట్టుకుంది.

"మంచినీళ్ళు కావాలా అండీ?"

"ఆ అమ్మాయిని నేనేనండీ" అంది బ్లెస్సీ.

కనకమహాలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో తల్లీ! కబురు చేద్దామంటే ఎవరో ఏంటో తెలిస్తేగా. ఫోన్లో ఒక్క పేరూ ఉండదు. చదువు రాదుగా, అందరికీ బొమ్మలే పెట్టించుకున్నాడు. మా ఆయనకి పడవ బొమ్మ. నాకు చేప బొమ్మ. ఒక నంబరుకి చిలక బొమ్మ ఉంది. అది ఎవరిదో మాకెవరికీ తెలీలేదు, చేసి అడగడానికి మొహమాటమేసింది."

చిలకలపూడిలో ఉంటానని ఎప్పుడో ఒకసారి చెప్పింది. బ్లెస్సీకి అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా చూడలేదు. ముక్కూ మొహం తెలియని ఆ ఇంట్లో, ఎండు చేపల వాసన మధ్య, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కనకమహాలక్ష్మి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఆ ఫోను ఉందా అండీ?"

ఉంది. దేవుడి పటాల పక్కన గూట్లో, రోజూ చార్జింగు పెట్టే ఉంచుతున్నారు. చార్జింగు లేకపోతే మావయ్య అరిచేవాడు, ఆ అలవాటు పోలేదంది కోడలు. బ్లెస్సీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కరకట్ట ఎక్కింది. వెనకాలే కనకమహాలక్ష్మి వచ్చింది.

పైన గాలి హోరు. ఫోన్లో రోజూ విన్న హోరే. తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గట్టు మీద ఉంది. దాని కాలొకటి విరిగితే వల నేసే ఆకుపచ్చ నైలాను తాడుతో కట్టు కట్టాడు మావయ్య. సముద్రం ఒకవైపుంటే కుర్చీ దానికి వీపు పెట్టి ఉంది.

"టవరు అటుందండీ, బందరు వైపు. అటు తిరిగి కూర్చుంటేనే మాట తెగదనేవాడు" అంది కనకమహాలక్ష్మి.

ఆ మాట అంటుండగానే ముసలాయన ఫోను బ్లెస్సీ చేతుల్లో బుర్రుమంది. ఇన్నాళ్ళుగా ఆగిపోయినవన్నీ ఒక్కసారే వచ్చి పడుతున్నాయి. వాటిల్లో ఒకదాని పక్కన చిలక బొమ్మ ఉంది. ఆమె తన ఫోను తీసి చూసుకుంది. రెండో టిక్కు పడింది. చిలక బొమ్మ మీద వేలు పెట్టబోయి ఆగిపోయింది. ఆయన వినాల్సినదాన్ని ఆయన ఫోన్లో తను వినడం బాగోదనిపించింది. ఫోను తీసుకెళ్ళి కనకమహాలక్ష్మి చేతిలో పెట్టేసింది.

తర్వాత మైకు కాలరుకి తగిలించుకుంది. కప్పుకోడానికి దుప్పటి లేదు, గాలి ఆగేలా లేదు. ఆగాలని ఆమె అనుకోలేదు కూడా. కుర్చీ ఎదురుగా నిలబడి, ఎక్కడా రాసుకోకుండా చదివింది.

"చదువు రాదంటూనే
ఊళ్ళో అందరి చావుల్నీ విన్నావు.
ఇది నీది మావయ్యా.
బాగోకపోతే ఫోను చెయ్యి."

ఒక్కసారే చదివింది. గొంతు మరీ వణికిందో, తక్కువ వణికిందో చూసుకోలేదు. కనకమహాలక్ష్మి మొహం అటు తిప్పుకుంది.

కరకట్ట దిగకముందే ఫోను మోగింది. ఒక్క క్షణం మావయ్యేననుకుంది. ఆదినారాయణ మాస్టారు.

"ఏమ్మా, కార్డు అచ్చుకి పోతోంది. నీ పేరు రాయమంటావా?"

బాగుందనే మాటా రాలేదు, బాగోలేదనే మాటా రాలేదు. ఇక రాదు కూడా. బాగుందో లేదో నేను చెబుతాగా అన్నవాడు చెప్పకుండానే వెళ్ళిపోయాడు. అది ఇక తనే తేల్చుకోవాలి.

"రాయండి మాస్టారూ. వీడియో తియ్యడానికి ఈసారి ఇంకెవరినైనా చూసుకోండి."

పొద్దు వాలుతుండగా స్కూటీ తీసింది. కనకమహాలక్ష్మి కాగితంలో చుట్టి ఎండు చేపలు ఇచ్చింది, వద్దన్నా వినలేదు. బందరు చేరేసరికి చీకటి పడుతుంది. మెట్లెక్కి తాళం తియ్యబోయే ముందు తలుపు తడుతుందో లేదో ఆమెకే తెలియదు. మలుపు తిరిగేముందు బండి అద్దంలో చూసింది. గట్టు మీద ఎవరూ లేరు. విరిగిన కాలికి చుట్టిన ఆకుపచ్చ తాడు కొస గాలికి కొట్టుకుంటుంటే, ఖాళీ కుర్చీ బందరు వైపే తిరిగి ఉంది.